వెన్నుపాము నుంచి మెదడుకు మేలుకొలుపు

కిందటేడు దసరా సెలవులకు ముందు ఒక సాయంత్రం తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ప్రయోగశాల గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో పాత వార్తాపత్రిక ముక్క ఒకటి వుంది.

"మాస్టారూ, మెడలో తీగ పెట్టి కరెంటు పంపిస్తే స్పృహ లేనివాళ్లు లేస్తారట. నిజమేనా?" అని అడిగాడు.

ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలుసు. ఆ ఏడు జూన్‌లో వాళ్ల అన్నయ్య మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడు. తలమీద శిరస్త్రాణం లేదు. మూడు వారాలు కళ్లు తెరవలేదు. తరువాత తెరిచాడు. ఇల్లంతా సంతోషించింది. కాని ఆ కళ్లు ఎవరినీ చూడడం లేదు. పిలిస్తే పలకడం లేదు. నాలుగు నెలలయింది. "తీగ పెట్టించాలంటే చాలా డబ్బవుతుందట మాస్టారూ. నాన్న ఎకరం పొలం అమ్ముతానంటున్నాడు" అన్నాడు కుర్రాడు.

పిల్లలూ, ఆ ప్రశ్నకు "అవును" అనీ చెప్పలేను, "కాదు" అనీ చెప్పలేను. ఒక ఎకరం పొలం, ఒక మనిషి ప్రాణం ముడిపడివున్న ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. రెండు రోజులు ఆగమన్నాను. దొరికినంతవరకు చదివాను. ఆ అబ్బాయికి చెప్పినదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మెలకువ వేరు, ఎరుక వేరు

ముందుగా స్పృహ అంటే ఏమిటో చూద్దాం. మనం మామూలుగా ఒకే మాట వాడతాం గాని, అందులో రెండు సంగతులు ఇమిడి వున్నాయి. ఒకటి మెలకువ. అంటే కళ్లు తెరిచి వుండడం, నిద్ర లేచి వుండడం. రెండోది ఎరుక. అంటే తానెవరో, చుట్టూ ఏం జరుగుతున్నదో తెలియడం.

మీరు తరగతిలో కూర్చుని ఈ పాఠం వింటున్నారనుకోండి. మీకు మెలకువా వుంది, ఎరుకా వుంది. గాఢనిద్రలో వున్నారనుకోండి. రెండూ దాదాపు లేవు. అయితే ఎవరైనా గట్టిగా తట్టి లేపితే రెండూ తిరిగి వస్తాయి.

తలకు పెద్ద దెబ్బ తగిలినప్పుడు, లేక కొంతసేపు మెదడుకు ఆక్సిజన్ అందనప్పుడు మనిషి కోమాలోకి పోవచ్చు. కోమాలో మెలకువా లేదు, ఎరుకా లేదు. ఎంత తట్టినా కళ్లు తెరవరు. కోమా సాధారణంగా కొన్ని వారాలకు మించి వుండదు. ఆ తరువాత కొందరు కోలుకుంటారు, కొందరు మరణిస్తారు. ఇంకొందరు కళ్లు తెరుస్తారు, పగలు మేలుకుంటారు, రాత్రి నిద్రపోతారు, సొంతంగా ఊపిరి పీలుస్తారు. కాని ఎరుక వున్న జాడ కనిపించదు.

ఈ స్థితికి 1972లో బ్రయన్ జెన్నెట్, ఫ్రెడ్ ప్లమ్ అనే ఇద్దరు వైద్యులు "వెజిటేటివ్ స్థితి" అని పేరు పెట్టారు. మనిషిని మొక్కతో పోల్చినట్టున్న ఆ మాట కుటుంబాలకు కష్టంగా తోచింది. అందుకని 2010లో ఐరోపా వైద్యులు కొందరు "స్పందన లేని మెలకువ" అనే అర్థం వచ్చే కొత్త పేరు సూచించారు. నాకు ఈ రెండో పేరే నచ్చింది.

వీరుకాక మరికొందరు వున్నారు. వారిలో ఎరుక పూర్తిగా పోలేదు. ఒకసారి తల్లివైపు చూస్తారు, మరోసారి చూడరు. ఉదయం "చెయ్యి ఎత్తు" అంటే ఎత్తుతారు, సాయంత్రం ఎత్తరు. మబ్బుల చాటున చంద్రుడిలాగా ఎరుక కనిపించి మాయమవుతుంది. దీనికి "అల్ప స్పృహ స్థితి" అని చెప్పుకోవచ్చు. దీని లక్షణాలను 2002లో స్పష్టంగా నిర్ణయించారు.

అందరికంటె భిన్నమైనవారు ఇంకొందరు. వారికి ఎరుక పూర్తిగా వుంటుంది. శరీరం మాత్రం కదలదు. కనురెప్పలు, కళ్లు మాత్రమే కదుపుతారు. చూసేవారికి స్పృహ లేనట్టే కనిపిస్తుంది. కాని వారు అన్నీ వింటూ వుంటారు. ఎంత భయంకరమో ఊహించండి!

మీరే చేసి చూడండి

ఎరుక వున్నదో లేదో తెలుసుకోవడం ఎందుకు కష్టం? ఒక చిన్న ప్రయోగం చేద్దాం.

మీ స్నేహితుణ్ణి ఎత్తయిన బల్లమీద కూర్చోబెట్టండి. కాళ్లు నేలకు తగలకుండా వేలాడాలి. మోకాలి చిప్పకు సరిగ్గా కింద, మెత్తగా తగిలేచోట అరచేతి అంచుతో తేలికగా తట్టండి. కాలు చటుక్కున ముందుకు ఎగురుతుంది. అతడు ఎగరేయాలని అనుకోలేదు. ఆపాలనుకున్నా ఆగదు. ఇది అసంకల్పిత ప్రతీకార చర్య అని మీ పాఠ్యపుస్తకంలో చదివేవుంటారు. ఆ కదలికకు ఉత్తరువు మెదడు నుంచి రాలేదు, వెన్నుపాము నుంచే వచ్చింది.

ఇప్పుడు తట్టడం మానేసి, "కాలు పైకెత్తు" అని చెప్పండి. అతడు ఎత్తుతాడు. రెండుసార్లూ కాలు కదిలింది. అయితే మొదటి కదలికలో ఎరుకతో పనిలేదు. రెండోదానిలో మాట వినాలి, అర్థం చేసుకోవాలి, ఆ పని చేయాలని సంకల్పించాలి.

ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్న తల్లికి బిడ్డ చెయ్యి కదలడం కనిపిస్తుంది. అది మోకాలి దెబ్బలాంటిదా? లేక తన పిలుపుకు జవాబా? ఇదే ప్రశ్న. అందుకే నిపుణులు ఒకే ఆజ్ఞను పదేపదే ఇచ్చి, వేరువేరు రోజులలో, వేరువేరు వేళలలో పరీక్షిస్తారు. ఒక్కసారి కదిలితే అది కాకతాళీయం కావచ్చు. అడిగినప్పుడల్లా కదిలితే అది జవాబే.

ఈ పరీక్ష ఎంత సున్నితమైనదో చూడండి. ఎరుక లేదని వైద్యులు అనుకున్న 44 మందిని బెల్జియంలో మరింత జాగ్రత్తగా పరీక్షించి, 2009లో ఫలితం ప్రకటించారు. వారిలో 18 మందికి ఎరుక కొంత వున్నదని తేలింది! ఆ దేశపు శాస్త్రజ్ఞులే మరో చక్కని సంగతి గమనించారు. రోగి చూపు దేన్నైనా అనుసరిస్తున్నదో లేదో చూడడానికి పెన్నో, వేలో కాకుండా ముఖం చూసుకునే అద్దాన్ని కదపడం మేలట. తక్కిన వాటిని పట్టించుకోని కొందరు అద్దంలోని తమ ముఖాన్ని మాత్రం కళ్లతో వెంబడించారు. ఈ అద్దం సంగతి గుర్తుంచుకోండి, చివర మళ్లీ వస్తుంది.

మెదడును మేలుకొలిపే వల

మన మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు వున్నాయి. ఇన్ని కణాలను రోజూ తెల్లవారగానే మేలుకొలిపేది ఎవరు?

ఈ సంగతి 1949లో తేలింది. ఇటలీ దేశస్థుడు జిసెప్పె మొరుజ్జి, అమెరికా దేశస్థుడు హొరేస్ మగూన్ కలిసి మత్తులో వున్న పిల్లులపై ప్రయోగం చేశారు. మెదడులో పుట్టే విద్యుత్ తరంగాలను చర్మం మీద నుంచే నమోదు చేయవచ్చునని జర్మనీలో హాన్స్ బెర్గర్ 1929 నాటికే చూపించాడు. నిద్రలో ఆ తరంగాలు పెద్దవిగా, నెమ్మదిగా వుంటాయి. మెలకువలో చిన్నవిగా, వేగంగా వుంటాయి. మొరుజ్జి, మగూన్ పిల్లి మెదడు కాండంలో ఒకచోట స్వల్పమైన విద్యుత్తు పంపగానే నెమ్మది తరంగాలు పోయి వేగ తరంగాలు వచ్చాయి. మత్తులోని మెదడు మేలుకున్నట్టు ప్రవర్తించింది!

ఆ చోట నాడీకణాలు వల అల్లినట్టు వుంటాయి. అందుకని దానికి రెటిక్యులర్ వ్యవస్థ అని పేరు. లాటిన్ భాషలో రెటిక్యులం అంటే చిన్న వల. ఈ వల నుంచి సంకేతాలు మెదడు నడుమనున్న థాలమస్‌కు పోతాయి. అక్కడనుంచి మెదడు పైపొర అంతటికీ వ్యాపిస్తాయి. వూరికి కరెంటు వచ్చే దారి తలచుకోండి. సబ్‌స్టేషను నుంచి ట్రాన్స్‌ఫార్మరుకు, అక్కడనుంచి ఇళ్లకు. ఇళ్లలో దీపాలన్నీ బాగానే వుండవచ్చు. అయినా దారిలో తీగ తెగితే వూరంతా చీకటే.

తలకు దెబ్బ తగిలిన కొందరిలో జరిగేది ఇదే. పైపొరలో చాలా భాగం బతికేవుంటుంది. దానిని మేలుకొలిపే దారి దెబ్బతింటుంది. మరికొందరిలో పైపొరే నాశనమైపోతుంది. దీపాలే పగిలిపోతే కరెంటు ఎంత పంపినా లాభం లేదు కదా! ఈ తేడా చాలా ముఖ్యమైనది.

వెన్నుపాములో తీగ

ఇక అసలు సంగతికి వద్దాం. వెన్నుపాము మన చిటికెన వేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు వున్న నాడీ త్రాడు. దానిని మూడు పొరలు కప్పివుంటాయి. వరాశిక, లౌతికళ, మృద్వి అని వాటి పేర్లు మీకు తెలుసు. వెన్నుపాము వెనుకభాగంలో వున్న నాడీతంతువులు స్పర్శను, కీళ్ల స్థితిని మెదడుకు మోసుకుపోతాయి. మీరు కళ్లు మూసుకున్నా మీ చెయ్యి ఎక్కడున్నదో తెలియడం ఈ తంతువుల చలవే.

వెన్నుపాముకు విద్యుత్తు ఇవ్వడం మొదలైంది స్పృహ కోసం కాదు, నొప్పి కోసం. దెబ్బ తగిలినచోట మనం వెంటనే ఎందుకు రుద్దుకుంటాం? రుద్దితే నొప్పి తగ్గుతుంది కనుక. స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు తలుపు మూస్తాయని 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించారు. అయితే స్పర్శ తంతువులను విద్యుత్తుతో ప్రేరేపిస్తే నొప్పి తగ్గాలి కదా! 1967లో అమెరికాలో నార్మన్ షీలీ అనే శస్త్రవైద్యుడు కాన్సరు నొప్పితో బాధపడుతున్న ఒక రోగికి ఈ పరికరాన్ని అమర్చాడు. మొండి నొప్పులకు ఈ చికిత్స ఇప్పుడు చాలా దేశాలలో వాడుకలో వుంది.

1980 దశకంలో జపాను వైద్యులకు మరో ఆలోచన వచ్చింది. వెన్నుపాము నుంచి పైకి పోయే సంకేతాలు మెదడు కాండానికి చేరుతున్నాయి. మేలుకొలిపే వల వున్నది అక్కడే. మరి కింది నుంచి ఎడతెరిపి లేకుండా సంకేతాలు పంపితే ఆ వల మేలుకోదా? ఫుజితా ఆరోగ్య విశ్వవిద్యాలయంలో తెత్సువో కన్నో, ఆయన సహచరులు ఈ పని మొదలుపెట్టారు. నిహోన్ విశ్వవిద్యాలయం వైద్యులు, తరువాతి కాలంలో చైనా వైద్యులు దీనిని కొనసాగించారు.

పద్ధతి ఇది. మెడలో రెండో వెన్నుపూసకూ నాలుగో వెన్నుపూసకూ మధ్య, వెన్నుపాము వెనుకవైపు, వరాశికకు బయట ఎలక్ట్రోడు అమరుస్తారు. వెన్నుపామును తాకరు, పైపొర మీద ఆనిస్తారు. అక్కడనుంచి సన్నని తీగ చర్మం కిందుగా ఒక చిన్న పెట్టె వరకు పోతుంది. గుండెకు పెట్టే పేస్‌మేకరులాంటిదే ఈ పెట్టె. దానిని చర్మం కింద అమరుస్తారు. అందులో బాటరీ వుంటుంది. అది సెకనుకు ఇన్నిసార్లు అని లెక్కగా చిన్నచిన్న విద్యుత్ స్పందనలు పంపుతుంది. ఎన్నిసార్లు పంపాలో బయటనుంచే మార్చవచ్చు. సాధారణంగా పగలు నడిపి, రాత్రి నిద్రవేళ ఆపుతారు.

ఎన్నిసార్లు పంపాలి? జపానులోనే ఒక బృందం సెకనుకు 5 సార్లు పంపింది. మరికొన్నిచోట్ల 70 సార్లు పంపారు. ఏ లయ మేలో వైద్యులలో ఏకాభిప్రాయం రాలేదు. స్పందనల వల్ల మెదడులో రక్తప్రసారం పెరగడం మాత్రం కొందరు రోగులలో కనిపించింది. మెదడుకు ఆక్సిజన్, గ్లూకోజు తెచ్చేది రక్తమే కనుక ఇది ఆశ కలిగించే సంగతే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది చదివి ఎవరూ ఇంట్లో తీగలతో, బాటరీలతో ఒంటిమీద ప్రయోగాలు చేయకూడదు. ఈ పరికరం ఇచ్చేది కొద్దిపాటి వోల్టులే. అదికూడా లెక్కగట్టి ఇస్తారు. మన గోడ స్విచ్చిలో వున్నది 230 వోల్టులు. అది మేలుకొలపదు, ప్రాణం తీస్తుంది.

రెండు కుండీల పాఠం

సరే, ఫలితాలు ఎలా వున్నాయి? జపానులో ఇరవై సంవత్సరాలలో సుమారు రెండువందల మందికి ఈ చికిత్స చేసి, సగానికి సగం మందిలో ఎంతో కొంత మెరుగు కనిపించిందని వైద్యులు రాశారు. వయసులో చిన్నవారిలో, తలకు దెబ్బ తగిలినవారిలో ఫలితం మెరుగ్గా వున్నదని చెప్పారు. చాలాసేపు ఆక్సిజన్ అందక మెదడు పాడైనవారిలో ఆశ తక్కువ.

సగం మంది! మరి వెంటనే పొలం అమ్మవచ్చునా? తొందరపడకండి. మీరు ఆరో తరగతిలో చేసిన ప్రయోగం ఒకటి గుర్తు చేస్తాను.

శనగ విత్తనాలు ఒక కుండీలో నాటి ఎరువు వేశారు. మొక్కలు బాగా పెరిగాయి. "ఎరువు వల్లే పెరిగాయి" అని రాస్తే నేను మార్కులు వేస్తానా? వేయను. ఎరువు వేయని రెండో కుండీ ఏదీ అని అడుగుతాను. రెండు కుండీలకూ అదే మట్టి, అవే విత్తనాలు, అంతే నీరు, అంతే ఎండ వుండాలి. ఎరువు ఒక్కటే తేడా. అప్పుడే ఎరువు ప్రభావం తెలుస్తుంది. విత్తనానికి తనంత తాను మొలిచే శక్తి వుందికదా!

మనిషి మెదడుకూ తనంత తాను కోలుకునే శక్తి కొంత వుంది. ముఖ్యంగా పడుచువారిలో, తలకు దెబ్బ తగిలినవారిలో, మొదటి సంవత్సరంలో. తీగ పెట్టిన తరువాత రోగి మేలుకున్నాడు. తీగ పెట్టకపోతే మేలుకునేవాడు కాడా? రెండో కుండీ లేకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. జపాను వైద్యుల లెక్కలో రెండో కుండీ లేదు. వారు అబద్ధం చెప్పారని కాదు. వారు చూసినది వారు రాశారు. కాని రుజువు కావాలంటే పోలిక కావాలి.

రెండు కుండీల పద్ధతిలో నెగ్గినది ఒకటి వుంది. అది తీగ కాదు, మాత్ర. అమాంటడీన్ అనే పాత మందును 184 మంది రోగుల మీద పరీక్షించి 2012లో ఫలితం ప్రకటించారు. కొందరికి మందు, కొందరికి అచ్చం దానిలాగే వున్న ఉత్త మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, పరీక్షించే వైద్యునికీ తెలియదు. నాలుగు వారాలలో మందు తిన్నవారు మరింత వేగంగా కోలుకున్నారు. మందు ఆపగానే ఆ వేగం తగ్గింది. 2018లో అమెరికా నాడీవైద్యుల సంఘం తలకు దెబ్బ తగిలిన ఇలాంటి రోగులకు ఈ మందును సిఫారసు చేసింది. అదే సందర్భంలో మరో మంచి మార్పు చేసింది. నెలలు గడిచిన స్థితిని "శాశ్వత" అనడం మాని "దీర్ఘకాలిక" అనమన్నది. ఆలస్యంగా కోలుకునేవారూ కొందరు వున్నారు కనుక.

విద్యుత్తుతోనూ ఇలాంటి పరీక్ష చేయవచ్చు. 2007లో అమెరికాలో ఆరేళ్లుగా అల్ప స్పృహ స్థితిలో వున్న 38 ఏళ్ల మనిషికి థాలమస్‌లోనే ఎలక్ట్రోడులు అమర్చారు. ఆరు నెలలపాటు విడతలు విడతలుగా విద్యుత్తు వేస్తూ, ఆపుతూ చూశారు. వేసిందో ఆపిందో పరీక్షించేవారికి చెప్పలేదు. వేసినప్పుడు అతడు మాటలు పలికాడు, అన్నం నమిలి మింగాడు. ఒక్క మనిషే అయినా, అతడే మొదటి కుండీ, అతడే రెండో కుండీ! ఆ పరీక్షలోని తెలివి అది. వెన్నుపాము తీగ మాత్రం ఎక్కువమంది మీద జరిగే అంత పకడ్బందీ పరీక్షలో ఇంకా నెగ్గలేదు.

పైగా శస్త్రచికిత్స అన్నాక ప్రమాదాలు వుంటాయి. చీము పట్టవచ్చు, రక్తస్రావం కావచ్చు, తీగ జరిగిపోవచ్చు. ఇవన్నీ భరించేది నోరులేని రోగి.

నేనేం చెప్పాను

ఇదంతా ఆ అబ్బాయికీ, వాళ్ల నాన్నకూ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే చేతులు ముడుచుకుని కూర్చోమంటారా మాస్టారూ?" అన్నాడు.

కూర్చోవద్దన్నాను. మర్నాడు నేనూ ఆయనతో కలిసి పట్నంలో నాడీవైద్యుని దగ్గరకు వెళ్లాను. తీగ ఆశ అబద్ధం కాదుగాని పరిశోధన దశలో వున్నదనీ, దానికోసం ఆస్తి అమ్ముకోమని తాను చెప్పలేననీ ఆయన అన్నాడు. మందు ఒకటి రాశాడు. చేయవలసిన పనులు చెప్పాడు. రెండు గంటలకొకసారి రోగిని పక్కకు తిప్పాలి, లేకపోతే ఒరుపుపుండ్లు పడతాయి. కీళ్లు బిగుసుకోకుండా రోజూ చేతులు, కాళ్లు ఆడించాలి. గొట్టం ద్వారా వేళకు ఆహారం ఇవ్వాలి. పగలు వెలుతురులో వుంచాలి, రాత్రి చీకటి చేసి నిద్రపోనివ్వాలి. ఇంకా, మంచం దగ్గర మాట జాగ్రత్త అన్నాడు.

ఆఖరిమాట ఎందుకన్నాడో వినండి. 2006లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఏడ్రియన్ ఓవెన్ ఒక సంగతి ప్రకటించాడు. కారు ప్రమాదంలో గాయపడిన 23 ఏళ్ల యువతి ఏ ఆజ్ఞకూ కదలడం లేదు. ఆమెను మెదడు రక్తప్రసారం చూపే యంత్రంలో పెట్టి, "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించు" అన్నారు. కదలికలకు సంబంధించిన భాగం చురుకైంది. "మీ ఇంట్లో గదిగదీ తిరుగుతున్నట్టు ఊహించు" అన్నారు. మరో భాగం చురుకైంది. ఆరోగ్యవంతులలో ఎలా జరుగుతుందో అలాగే! ఒళ్లు కదలకపోయినా ఆమె విన్నది, అర్థం చేసుకున్నది. 2024లో అనేక దేశాల వైద్యులు కలిసి, ఆజ్ఞకు కదలని 241 మందిని ఇలా పరీక్షించగా 60 మందిలో ఈ దాగివున్న ఎరుక కనిపించింది. నలుగురిలో ఒకరు!

కనుక ఇలాంటి మనిషి మంచం పక్కన నిలబడి "ఇక లాభం లేదు" అని ఎవరూ అనకూడదు. ఆ నలుగురిలో ఒకరు వింటూ వుండవచ్చు.

ఆ అబ్బాయి రోజూ బడి నుంచి వెళ్లగానే అన్నయ్య పక్కన కూర్చుని ఆనాటి సంగతులన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. తరువాత అద్దం పట్టుకునేవాడు. కుడివైపు, ఎడమవైపు నెమ్మదిగా కదిపేవాడు. నేను నేర్పినట్టు ఒక నోటుపుస్తకంలో తేదీ, వేళ, చూపు కదిలిందో లేదో రాసేవాడు. కదలని రోజున కదలలేదనే రాశాడు. సైన్సు విద్యార్థికి వుండవలసిన మొదటి గుణం అదే.

నలభై రోజుల దాకా "లేదు" అనే వుంది. కార్తీక మాసంలో ఒక సాయంత్రం "కుడివైపుకు కదిలింది, మూడుసార్లలో రెండుసార్లు" అని రాశాడు. నాలుగు రోజుల తరువాత మళ్లీ కదిలింది. నాడీవైద్యుడు స్వయంగా చూసి అవునన్నాడు. సంక్రాంతి నాటికి "చెయ్యి నొక్కు" అంటే నొక్కేవాడు. ఇప్పుడు కుర్చీలో కూర్చుంటున్నాడు. మాట ఇంకా రాలేదు. వస్తుందో రాదో చెప్పలేం.

ఇప్పుడు మీకొక ప్రశ్న. దసరా ముందు పొలం అమ్మి ఆ తీగ పెట్టించి వుంటే, కార్తీకంలో చూపు కదిలినప్పుడు మనమంతా ఏమనుకునేవాళ్లం? "కరెంటు మహిమ!" అని వూరంతా చాటేవాళ్లం. నేనూ అలాగే అనుకునేవాణ్ణేమో. పోనీ, ఇప్పుడు ఆ మందు వల్లే చూపు కదిలిందని చెప్పగలమా? అద్దం వల్ల? ఆ అబ్బాయి కబుర్ల వల్ల? లేక మెదడు తనంత తానే కోలుకున్నదా? ఒక్క కుండీని చూసి చెప్పలేం. ఈ మాట అనగానే ఆ అబ్బాయే నవ్వి, "రెండో అన్నయ్య లేడుకదా మాస్టారూ!" అన్నాడు. పాఠం అర్థమైంది వాడికి.

రేపు వెన్నుపాము తీగ కూడా రెండు కుండీల పరీక్షలో నెగ్గవచ్చు. ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి పనిచేయదో ముందే కనిపెట్టే మార్గం దొరకవచ్చు. ఆ పని చేయడానికి ఓపికగా చూసేవారు, చూసినది చూసినట్టు రాసేవారు కావాలి. మీలో ఎవరైనా ఆ పనికి పూనుకుంటే నాకు అంతకంటె సంతోషం లేదు.

అంతవరకు మన చేతిలో వున్న పని ఒకటుంది. మెదడుకు దెబ్బ తగిలాక మేలుకొలపడం ఎంత కష్టమో చూశారుకదా! తగలకుండా చూసుకోవడం ఎంతో తేలిక. మీ ఇంట్లో ఎవరు మోటారు సైకిలు తీసినా, శిరస్త్రాణం తెచ్చి చేతికివ్వండి. వెనుక కూర్చునేది మీరైతే మీరూ పెట్టుకోండి. ఆ అబ్బాయి ఇప్పుడు మా బడి గేటు దగ్గర నిలబడి, అది లేకుండా వచ్చే పెద్దవాళ్లను ఆపి మరీ అడుగుతున్నాడు. వాడు అడిగితే ఎవరూ కోప్పడడం లేదు.